మాటయే తపస్సు

తెలుగింటి ఇల్లాలు బియ్యపు కుండ ఖాళీ అయినప్పుడు "బియ్యము లేవు" అనదు. "బియ్యము నిండుకొన్నవి" అనును. దీపము ఆరినదనక "కొండెక్కినది" అందురు. ఊరికి బయలుదేరువాడు "పోవుచున్నాను" అనడు. "వెళ్లి వచ్చెదను" అనును. ఇంట అమంగళపు మాట వినబడినచో తథాస్తు దేవతలు వినుచుందురని పెద్దలు మందలింతురు. దీనిని వట్టి భయమని కొట్టివేయరాదు. లేమిని చెప్పవలసి వచ్చినను నిండుతనముతో చెప్పుమని నేర్పిన సంస్కారమిది. వైష్ణవ గృహములలో వంటను తళిగ యనుటయు, భోజనమును ప్రసాదమనుటయు, తన్ను తాను దాసుడనని చెప్పుకొనుటయు ఆ సంస్కారమునకు పరాకాష్ఠ.

తపస్సనగా అడవికి పోయి చేయునదియే అని పలువురు తలతురు. కాని గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున శరీరముతో చేయు తపస్సు, మనస్సుతో చేయు తపస్సు అనువానితో పాటు వాక్కుతో చేయు తపస్సును గూడ చెప్పినాడు. వినువానికి కలత కలిగింపనిదై, సత్యమై, ప్రియమై, హితమై యుండు మాటయు, స్వాధ్యాయమును వాఙ్మయ తపస్సని ఆయన నిర్ణయము. ఇందు సత్యమొక్కటియే చెప్పబడలేదని గమనింపవలెను. "ఉన్నమాట అన్నచో ఉలుకెందుకు?" అని మనము మన పరుషవాక్కును సమర్థించుకొందుము. ఉన్నమాటయే యైనను, ఎదుటివాని మనస్సును కోయుటకై పలికినచో అది తపస్సు కాజాలదు.

మాట యెంత పని చేయునో తెలిసికొనుటకు భద్రాచల యాత్రికులు దూరము పోనక్కరలేదు. భద్రాద్రికి సుమారు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెం మండలమున, గోదావరి ఒడ్డున పర్ణశాల యున్నది. సీతారామలక్ష్మణులు నివసించిన ఆశ్రమమిదియే యని ఈ ప్రాంతపు ఐతిహ్యము. అరణ్యకాండలోని సీతాపహరణ ఘట్టమును పరికించినచో, ఆనాడు అచట మూడు మాటలు వినబడినవి. మొదటిది మారీచుని మాట. రాముని కంఠముతో సీతను, లక్ష్మణుని పిలిచిన ఆ యార్తనాదము అసత్యము. రెండవది సీతమ్మ మాట. భర్తకు ఆపద కలిగినదను భయముతో, కదలక నిలిచిన లక్ష్మణుని ఆమె అనరాని మాటలనినది. అది పరుషము. మూడవది రావణుని మాట. సన్న్యాసి వేషముతో, వేదఘోష చేయుచు అతడు వాకిట నిలిచినాడు. పలుకు పవిత్రమే, పలికినవాని హృదయము కపటము. అసత్యము సీతమ్మకు భయము కలిగించినది, పరుషము తమ్ముని దూరము చేసినది, కపటము తలుపు తట్టినది. లక్ష్మణుని బాణము కాపాడుచున్న ఆశ్రమమును శత్రువు బలముతో గెలువలేదు, మాటలతో గెలిచినాడు.

జగన్మాత యందు దోషమెంచుట మన పని కాదు. లోకమునకు పాఠము చెప్పుటకే ఆమె అట్లు నటించినదనియు, భాగవతాపచారము ఎంతటి ఎడబాటును తెచ్చునో తన యందే చూపినదనియు వైష్ణవ పెద్దలు చెప్పుదురు. ఆ పాఠమునకు రెండవ భాగము సుందరకాండమున నున్నది. అశోకవనమున హనుమంతుని ఎదుట సీతమ్మ లక్ష్మణుని గుణములను నోరార కొనియాడినది. రామునకు తనకంటెను లక్ష్మణుడే ప్రియుడని పలికినది. అతని కుశలమడుగుమని కోరినది. గాయపరచిన నోటనే మందు వెలువడినది. కాని అప్పటికి పదియవ మాసము జరుగుచున్నది. ఆ మాట వినవలసిన లక్ష్మణుడు సముద్రమున కావలి యొడ్డున నున్నాడు.

భద్రాద్రి భక్తుని చరిత్రలోను ఈ పాఠమే కలదు. నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న, గోల్కొండ ప్రభువు తానీషా కాలమున పాల్వంచ పరగణాకు తహసీల్దారై, రామాలయమును నిర్మించి, ఆ ధనము నిమిత్తము చెరసాల పాలైనాడు. ఆ చెర పండ్రెండేండ్లని సంప్రదాయము. "ఇక్ష్వాకు కులతిలక" యను కీర్తనలో ఆ రామదాసు చేయించిన నగలన్నింటిని లెక్కించి చెప్పి, ఇవి యెవరి సొమ్మని స్వామినే నిలదీసినాడు. అయినను కీర్తన ముగియకముందే, దెబ్బల బాధ కోర్వలేక తిట్టితినని ఒప్పుకొని క్షమింపుమని వేడినాడు. కోపమును దాచలేదు, క్షమాపణమును మరునాటికి వాయిదా వేయలేదు. ఒక్క పాటలోనే గాయమును, మందును గలవు.

మన ఇండ్లలో ఈ రెంటి నడుమ ఎంత కాలము గడచుచున్నది? పొలము గట్టు దగ్గర అన్న ఒక మాట అనును. తమ్ముడు దానిని పదేండ్లు మోయును. కోడలి పుట్టింటి నెంచిన మాట, పరీక్ష తప్పిన పిల్లవానిని "ఎందుకూ కొరగావు" అన్న మాట, అన్నవారు ఆ పూటకే మరతురు, పడ్డవారు మరువరు. తీరా అన్నకు పశ్చాత్తాపము కలిగి చెప్పబోవునప్పటికి తమ్ముడు ఏ ఆసుపత్రి మంచము మీదనో వినలేని స్థితిలో నుండవచ్చును.

వీధిలోని మాటకును ఇదియే ధర్మము. 2016లో ఖమ్మం జిల్లా నుండి విడివడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని దమ్మపేట మండలమున పామాయిలు, మామిడి, జీడిమామిడి తోటల నడుమ కోయగూడెములు కలవు. ఇంట కోయభాషయు, అంగడిలో తెలుగును మాటలాడు వృద్ధుడు సరకుల కొరకు వచ్చినప్పుడు, తెలుగు తడబడెనని నవ్వి, "ఏరా" యని పిలుచువారు లేకపోలేదు. అట్టివారు హనుమంతుని తలచుకొనవలెను. పండితుని వలె సంస్కృతము పలికినచో సీత తన్ను రావణుడని భయపడునని యోచించి, ఆమెకు భయము తీరునట్టి మానుష వాక్కునే ఆయన ఎన్నుకొన్నాడు. తన పాండిత్యమును కాక వినువారి మనస్సును చూచినాడు. అదిగాక, భద్రగిరిపై స్వామిని మొదట కనుగొని, నీడ కల్పించి, తాటిపండు నివేదించిన పోకల దమ్మక్క ఆదివాసి మహిళ యని స్థలపురాణము. ఆమె కులమువారిని తూలనాడి కొండకు పోయి మ్రొక్కినచో, ఆ మ్రొక్కును స్వామి యెట్లు స్వీకరించును? "అన్నా", "అక్కా", "తాతా" యను పిలుపునకు ఖర్చేమియు లేదు.

వాల్మీకి రాముని పూర్వభాషి యన్నాడు. ఎదుటివాడు పలుకరించువరకు వేచియుండక, తానే ముందుగా పలుకరించువాడని అర్థము. రామభక్తులమని చెప్పుకొనువారికి ఈ గుణమొక్కటి అబ్బినను చాలును. సంధ్యాదీపము పెట్టునప్పుడు ఆనాడు తన నోట వచ్చిన మాటలను ఒక్కసారి తలచుకొని, ఎవరి మనస్సైన నొచ్చినదని తోచినచో, దీపము కొండెక్కకముందే వారిని తానే ముందుగా పలుకరింపవలెను. వారు ప్రక్క గదిలో నుండగనే చెప్పదగిన మాటను సముద్రము దాటునంతవరకు ఆపుకొనరాదు.

శ్రీసీతారామచంద్రార్పణమస్తు.