‘ఎక్స్‌పీడియంట్’ - ఒక పదపరిశీలన

పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులకు తరచుగా ఎదురయ్యే ఇంగ్లీషు మాటలలో ‘ఎక్స్‌పీడియంట్’ ఒకటి. దీనికి తెలుగులో ఒకే మాటతో అర్థం చెప్పుట కష్టము. సందర్భాన్ని బట్టి ఉపాయమనీ, యుక్తమనీ, స్వలాభానికి అనుకూలమనీ చెప్పవలసి వస్తుంది. ఒకే మాట ఒకచోట మెప్పుగాను, మరొకచోట నిందగాను ఎట్లు పలుకుచున్నదో తెలియవలెనంటే దాని పుట్టుకను పరిశీలించాలి.

దీనికి మూలం ‘ఎక్స్‌పెడీరె’ అనే లాటిన్ క్రియ. ‘ఎక్స్’ అనగా వెలుపలికి. ‘పెడ్’ అనగా పాదం. చిక్కుకొన్న కాలిని బంధం నుండి విడిపించుట దీని తొలి అర్థం. దీనికి వ్యతిరేకం ‘ఇంపెడీరె’, అనగా కాలికి బంధం వేయుట. అడ్డంకి అనే అర్థంలో వాడే ‘ఇంపెడిమెంట్’ దాని సంతతియే. రోమన్ సైన్యం వెంట మోసుకొనిపోయే సామానును ‘ఇంపెడిమెంటా’ అనేవారు. కాలు విడివడితే నడక సాగుతుంది, నడక సాగితే పని నెరవేరుతుంది. ఈ విధంగా విముక్తిని తెలిపే మాట ప్రయోజనాన్ని తెలిపే మాట అయినది.

అయితే ధ్వని సామ్యాన్ని చూచి మోసపోరాదు. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి పూర్వం నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి. అక్కడ కాళ్లకు చికిత్స జరుగుతుంది గనుక ‘ఆర్థోపెడిక్’లోనూ పాదమే ఉన్నదని భ్రమపడే అవకాశం కలదు. కాని 1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలాస్ ఆంద్రి కల్పించిన ఆ మాటలో ఉన్నది శిశువు అనే అర్థం గల గ్రీకు పదం.

మన దేశ చట్టాలలో ‘ఎక్స్‌పీడియంట్’ నిర్దోషమైన మాట. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం పీఠికలో అది ‘యుక్తము’ అనే అర్థంలో ప్రయుక్తమైనది. కాని నీతిని విడిచి స్వలాభాన్ని చూచుకొనుట అనే నింద కూడా క్రమంగా దానికి అంటుకొన్నది. జాన్ స్టూవర్ట్ మిల్ 1861లో ప్రకటించిన ‘యుటిలిటేరియనిజం’లో ఈ చిక్కును చర్చించినాడు. తాత్కాలికమైన ఇబ్బంది తప్పించుకొనుటకు అబద్ధమాడుట లాభముగా తోచవచ్చును. కాని మనుషులకు ఒకరి మాటపై ఒకరికి గల నమ్మకాన్ని అది సడలించును గనుక నిజానికి లాభము కాదని ఆయన వాదము.

మన ఉర్దూలో దీనికి సమానమైన మాట ‘మస్లహత్’. మేలు, చక్కదనం అనే అర్థాలు గల అరబ్బీ ధాతువు నుండి పుట్టినది. సంస్కరణ అనే అర్థం గల ‘ఇస్లాహ్’, సంధి అనే అర్థం గల ‘సులహ్’ దాని బంధువులు. మనం తెలుగు మాటగానే భావించే ‘సలహా’ కూడా ఆ కుటుంబంలోనిదే. అయినను, నిజం పలుకవలసిన చోట లాభనష్టాలు చూచుకొని మౌనం వహించేవానిని ‘మస్లహత్ పసంద్’ అని ఉర్దూలో ఎత్తిపొడుస్తారు. లాటిన్ మాటకు పట్టిన గతియే అరబ్బీ మాటకూ పట్టినది. దోషం మాటలలో లేదు, వాడుకలో ఉన్నది.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. అమీర్‌పేటలో ‘అమీర్’ అరబ్బీ, ‘పేట’ తెలుగు. ఆ రెండు భాషలు కలిసిన పేరు గల ఈ పేటకు జిల్లాల నుండి యువకులు వచ్చి, ఇరుకు గదులలో ఉంటూ, మైత్రీవనం పరిసరాలలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకొంటారు. తండ్రి పంపిన డబ్బు అయిపోకముందే ఉద్యోగం దొరకాలన్నది వారి ఆరాటం. కొద్ది నెలలలో ఒక విద్య నేర్చి నిలదొక్కుకొనుట పాదాన్ని విడిపించే ఉపాయం. లేని అనుభవాన్ని ఉన్నట్లు చూపే పత్రం కొనుట కూడా పైకి ఉపాయంగానే కనిపిస్తుంది. కాని అది ఎప్పుడు బయటపడునో అనే భయం ఉద్యోగంలో చేరిన నాటి నుండి వెన్నాడుతుంది. నిజంగా కష్టపడి నేర్చుకొన్నవాని పత్రాన్ని కూడా యజమాని శంకించే స్థితి వస్తుంది. ఇది ఒక కాలిని విడిపించినట్లు కనిపించి పలువురి కాళ్లకు వేసే బంధం.

కనుక ‘ఇందువల్ల మనకేమి ఫాయిదా?’ అని అడుగుట తప్పు కాదు. ఆ ప్రశ్న వెంటనే, ఈ ఉపాయం ఎవరి పాదాన్ని విడిపిస్తున్నది, ఎవరి పాదాన్ని బంధిస్తున్నది అని కూడా మనం అడుగవలెను. అప్పుడే ‘ఎక్స్‌పీడియంట్’ అనే మాటకు దాని తొలి అర్థం మన చేతలలో నిలుస్తుంది.