పెన్సిలులోని పొరలు – ఉప్పు చేయు సాయము

పిల్లలను పాఠశాలలో చేర్చు దినములలో తల్లిదండ్రులు మమ్ము తప్పక అడుగు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యా, ఇంట తెలుగు, వీధిలో కన్నడము, పై చదువులలో ఆంగ్లము. తెలుగులో చదివిన మా పిల్లలు రేపు క్రొత్త శాస్త్రములను అందుకొనగలరా?" దీనికి ఉపన్యాసముతో గాక ఒక పాఠముతో సమాధానము చెప్పదలచితిమి.

మీ పిల్లవాని పెన్సిలును చూడుడు. అందలి నల్లని ముల్లును ఆంగ్లమున సీసమను పేర పిలుతురు గాని అందు సీసము లేదు. గ్రాఫైటు అను ఖనిజమును బంకమన్నుతో కలిపి కాల్చి దానిని చేయుదురు. గ్రాఫైటు కర్బనపు రూపములలో నొకటి. కర్బన పరమాణువులు తేనెపట్టు గదులవలె ఆరు మూలల గళ్లుగా అల్లుకొని యొక పొర యగును. అట్టి పొరలు ఒకదానిపై నొకటి పేర్చబడినదే గ్రాఫైటు. మిల్లీమీటరు మందములో సుమారు 30 లక్షల పొరలుండును. పొరలోని అల్లిక మిక్కిలి గట్టిది. పొరకును పొరకును నడుమ పట్టు స్వల్పము. కావుననే గీచినపుడు పొరలు జారి కాగితమున కంటుకొనును.

ఆ ఒంటిపొరకే గ్రాఫీను అని పేరు. అది మిక్కిలి దృఢమైనది, విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయునది. 2004లో ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ అనువారు అంటుకొను టేపుతో పొరలను మరల మరల ఊడదీసి దానిని వేరుచేసిరి. 2010లో వారికి నోబెల్ బహుమానము లభించినది.

అయితే టేపుతో చిటికెడు పొడియైనను రాదు. ఎక్కువగా కావలెనన్న ఉప్పు సాయపడును. రోటిలో వెల్లుల్లిని ఉత్తగా నూరిన జారిపోవును. కొంచెము కల్లుప్పు చేర్చిన త్వరగా మెదుగును గదా! అట్లే గ్రాఫైటును ఉప్పుతో కలిపి, ఉక్కు గుండ్లు దొరలెడి మరలో వేసి త్రిప్పుదురు. ఉప్పురవ్వల అంచులు పొరలను ప్రక్కకు ఒరసి జార్చును. పిదప నీట కడిగిన ఉప్పు కరిగిపోవును, నల్లని రేకులు మిగులును. ఆ నీటిని ఇగిర్చిన ఉప్పు మరల దొరకును. అయితే అతిగా నూరిన రేకులే చితికిపోవును.

వంటింటి ఉప్పు రసాయనశాస్త్రమున లవణములనబడు వానిలో ఒకటి మాత్రమే. అమ్మోనియము సల్ఫేటు అను మరియొక లవణమును నీట కరిగించి, గ్రాఫైటు కడ్డీని ధనధ్రువముగా నుంచి విద్యుత్తును పంపుట వేరొక పద్ధతి. అపుడు లవణపు అయానులు నీటితోకూడ పొరల సందులలో దూరును. అచ్చట వాయువులు పుట్టి పొరలను విడదీయును.

ఇది చెప్పినపుడు మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి, "ఉప్పు కరిగిపోయిన తరువాత పొరలు మరల అంటుకొనవా, మాస్టారూ?" అని యడిగినది. అంటుకొనును! ఈ పనిలోని పెద్ద చిక్కు అదియే. సబ్బువంటి పదార్థములను చేర్చి వానిని ఎడముగా నుంచుదురు. పరిశోధకులు యోచించు ప్రశ్నను ఆ బాలిక తెలుగులోనే యడిగినది.

మరి దొరకినది ఒంటిపొరయో, పలుపొరలో తెలియుటెట్లు? సాధారణముగా రెండును కలిసియే యుండును. కాంతిని ప్రసరింపజేసి, చెదరి వచ్చు కాంతిలోని మార్పును బట్టి కొలది పొరలను గుర్తింతురు. ఇది 1928లో సి.వి. రామన్ గారు కనుగొన్న ఫలితము. బాల్యమున విశాఖపట్నమున చదివిన ఆయన 1933లో మన బెంగళూరునకు వచ్చి, ఇచ్చటనే స్థిరపడిరి. ఈ నగరముననే జక్కూరులోని జవాహర్‌లాల్ నెహ్రూ కేంద్రమున సి.ఎన్.ఆర్. రావు గారి బృందము, హైడ్రోజను వాయువులో గ్రాఫైటు కడ్డీల నడుమ విద్యుత్ జ్వాలను పుట్టించి గ్రాఫీనును తయారుచేసినది.

ఇంటి రోటిలో పెన్సిలు ముల్లును నూరిన మసియే గాని గ్రాఫీను రాదు. పిల్లలను ఆ పనికి పంపవలదు. వారితో ఈ సంగతి ముచ్చటింపుడు, అది చాలును. ఆంగ్లపు పేర్లను పై తరగతులలో నేర్తురు. పొర, పట్టు, సందు, జారుట అను మాటలు వారికి ఇంటనే తెలిసినవి. ఆ బాలికకు ప్రశ్న పుట్టుటకు ఆ మాటలే చాలినవి.