జనుము విత్తనమునకు తుమ్మెద సాయము

జనుమును పచ్చిరొట్టగా దున్నివేయు రైతునకు కాయతో పని లేదు. విత్తనమునకై చేను నిలుపుకొన్న రైతు సంగతి వేరు. చేను పచ్చగా విరగబూసినను ఒక్కొక్కచోట కాయ పలుచగా పట్టును. రైతు తెగులును అనుమానించును. తెగులుతోపాటు, చేనిపై తుమ్మెదలు తిరుగుచున్నవో లేదో కూడ చూడవలెను.

జనుము పూవులో ఆడ, మగ భాగములు రెండును ఉన్నను, అది తనంతట తాను కాయ కట్టుట అరుదు. కీలాగ్రము ఒరిపిడి పొందిననే గాని సొంత పుప్పొడి దానిపై పనిచేయదు. ఈ భాగములు పడవవంటి రేకుల జంటలో మూయబడి యుండును. బరువైన తుమ్మెద వ్రాలగానే పడవ క్రుంగును. దాని కొసనుండి పుప్పొడి వెలికి వచ్చి తుమ్మెద పొట్టకు అంటుకొనును. కీలాగ్రమును బయటపడి ఆ పొట్టకే ఒరయును. అంతకుముందు వ్రాలిన మొక్కల పుప్పొడియు అక్కడనే యుండును గదా! చిన్న ఈగలకు ఈ బలము చాలదు. సందేహము గలవారు మొగ్గలున్న కొమ్మకు పలుచని గుడ్డసంచి కట్టి, పూత ముగిసిన పిదప ప్రక్క కొమ్మతో కాయలు పోల్చి చూడవచ్చును.

ఈ తుమ్మెదల ప్రజాతికి 1802లో లాట్రెయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జైలోకోపా అని పేరిడెను. గ్రీకున కొయ్యను కోయునదని అర్థము. మన కవులు దీనిని తామరపూవులకే అంటగట్టిరి గాని, రైతునకు దీని విలువ జనుము చేలోనే తెలియును. వీనికి తేనెపట్టు లేదు. ఆడది ఎండుకొయ్యను, వెదురును తొలిచి, పుప్పొడి ముద్దపై ఒక్కొక్క గ్రుడ్డు పెట్టి, నడుమ రంపపుపొట్టుతో అడ్డుగోడ కట్టును. కొయ్యను తినదు. ఒక ఆడది పెంచు పిల్లలు కొద్దియే. కావున ఒకసారి నశించిన తుమ్మెదలు త్వరగా పెరగవు. మగది కుట్టలేదు, ఆడది చేత పట్టిన గాని కుట్టదు.

వాసములు తొలచుచున్నదని కొందరు దానిని చంపుదురు. అంతకంటె వాసములకు రంగు పూయుట మేలు. పొలముగట్లపై ఎండుమోడులను అన్నిటిని వంటచెరకునకు కొట్టివేయక కొన్నిటిని నిలుపుడు. మోడులు లేనిచోట, ఒక ప్రక్క కణుపుతో మూసియుండి రెండవ ప్రక్క బొటనవ్రేలు దూరునంత రంధ్రముగల ఎండు వెదురుముక్కలను, వాన తడువని నీడలో అడ్డముగా కట్టుడు. పూతపై నున్న చేనికి పురుగుమందు చల్లకుడు. తప్పనిసరియైనచో ప్రొద్దుగ్రుంకి, తుమ్మెదలు గూటికి చేరిన తరువాతనే చల్లవలెను.