ఏ భాగమూ పాడవకుండానే ప్రమాదం

ప్రశ్న: ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెబుతాను. స్వయంచాలిత డ్రోన్ల భద్రత, విశ్వసనీయత పిల్లలకు సూత్రాలుగానే మిగిలిపోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక అధ్యాపకుడు, పెద్దవూర

జవాబు: నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరికి మందు కొట్టే డ్రోన్‌తో మొదలుపెట్టండి, మాస్టారూ. మోటారు ఆగితే? జీపీఎస్ సిగ్నల్ పోతే? ప్రతి వైఫల్యానికీ ఎదురుగా హాని ఎవరికి, ఎంత తీవ్రం, ముందే పసిగట్టేదెలా అన్నది విద్యార్థుల చేతే రాయించండి.

తర్వాత లెక్క. ఒక్కో మోటారు విశ్వసనీయత 0.99 అనుకుంటే, నాలుగూ పనిచేయాల్సిన డ్రోన్‌కు అది సుమారు 0.96. ఆరింటిలో ఒకటి ఆగినా ఎగిరే డ్రోన్‌కు 0.998 దాటుతుంది. ఇక్కడే అసలు ప్రశ్న వేయాలి: ఆరింటికీ బ్యాటరీ ఒక్కటే అయితే? వైఫల్యాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివన్న ఊహ అక్కడే కూలుతుంది. చాలా తరగతుల్లో దాటేసే పాఠం ఇదే.

సాఫ్ట్‌వేర్ దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగండి. సిగ్నల్ పోగానే బయల్దేరిన చోటికి తిరిగి రమ్మని రాస్తాం. దారిలో కరెంటు తీగలుంటే? ఏ భాగమూ చెడలేదు, ప్రమాదం మాత్రం జరిగింది. వైఫల్యమంటే కూలడం ఒక్కటే కాదు. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపే ప్రయోగం మొదలైంది. అలాంటి పనిలో డ్రోన్ క్షేమంగా దిగినా, ఆలస్యమై టీకా వేడెక్కితే అదీ వైఫల్యమే. దీన్ని చర్చకు పెట్టండి.

స్వయంచాలిత వాహనాల పరీక్షలకు ఐఐటీ హైదరాబాద్‌లో టిహాన్ కేంద్రం ఉంది. వీలైతే పిల్లల్ని తీసుకెళ్లండి. మీ ప్రాంగణంలో ఎగరేసే ముందు డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో తప్పక చూడండి.