ముందు ఎప్సిలాన్, తర్వాతే డెల్టా

చి. అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

ఇంటర్‌లో సులువుగా వచ్చిన లిమిట్లు, డిగ్రీలో రియల్ అనాలిసిస్ మొదలయ్యేసరికి కొరుకుడు పడటం లేదని రాశావు. నీ తెలివికేమీ లోటు రాలేదమ్మా, అడిగే ప్రశ్న మారింది. అప్పుడు లిమిట్ ఎంతో కనుక్కోమన్నారు. ఇప్పుడు అంతే అవుతుందని నిరూపించమంటున్నారు.

ఎక్స్ స్క్వేర్ మైనస్ 9 ని ఎక్స్ మైనస్ 3 తో భాగించే లెక్క ఇంటర్‌లో చాలాసార్లు చేసి ఉంటావు. ఎక్స్ 3 అయినచోట ఆ ప్రమేయానికి విలువే లేదు, లిమిట్ మాత్రం 6. అక్కడ 6 పెట్టినా, 600 పెట్టినా, ఖాళీగా వదిలేసినా లిమిట్ మారదు. ఎందుకంటే లిమిట్‌కు ఆ బిందువుతో పని లేదు, దాని చుట్టుపక్కలతోనే పని. చుట్టుపక్కల తేలిన విలువ, ఆ బిందువు దగ్గర ఉన్న విలువ ఒకటైతే అదే అవిచ్ఛిన్నత.

మరి చుట్టుపక్కల అంటే ఎంతవరకు? క్యాలిక్యులేటర్‌లో 0.1, 0.01, 0.001 వేసి చూస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సైన్ ఆఫ్ పై బై ఎక్స్ తీసుకో. ఆ మూడింటికీ జవాబు సున్నాయే. ఇంకా ఎన్ని సున్నాలు చేర్చినా అంతే. సున్నా దగ్గర లిమిట్ సున్నా అని రాసేయబుద్ధవుతుంది. ఇప్పుడు 2/5, 2/9, 2/13 వేసి చూడు. ప్రతిసారీ 1 వస్తుంది. ఈ రెండో వరుస కూడా సున్నా వైపే నడుస్తోంది. కాబట్టి అక్కడ లిమిట్ లేదు. మనం ఎంచుకున్న కొన్ని సంఖ్యలు సాక్ష్యం చెబితే చాలదు, దగ్గరున్నవన్నీ చెప్పాలి. ఎప్సిలాన్, డెల్టా వచ్చింది ఈ అవసరంలోంచే.

ఈ అవసరం గుర్తించడానికి గణితానికే చాలా కాలం పట్టింది. చిన్న పెంపుతో భాగించి, ఆ తర్వాత అదే పెంపును సున్నా చేసేయడం ఏం న్యాయమని 1734లో బర్కిలీ నిలదీశాడు. ప్రాగ్‌లో బొల్జానో 1817లో, పారిస్‌లో కోషీ 1821లో అవిచ్ఛిన్నతకు గట్టి నిర్వచనం ఇచ్చే దాకా ఆ ప్రశ్నకు సరైన సమాధానం లేదు. నువ్వు ఇప్పుడు చదువుతున్న రూపం ఆ తర్వాత బెర్లిన్‌లో వయర్‌స్ట్రాస్ పాఠాల్లో కుదురుకుంది. అంతమంది తల పట్టుకున్న విషయం నీకు రెండు వారాల్లో పట్టుబడలేదని బెంగ దేనికి?

నిర్వచనం చదివేటప్పుడు వరుస మీద దృష్టి పెట్టు. ముందు ఎదుటివాడు ఎప్సిలాన్ ఇస్తాడు, దానికి సరిపోయే డెల్టా నువ్వు ఇస్తావు. ఈ వరుస తిరగేసి, ఏ ఎప్సిలాన్‌కైనా పనికొచ్చే ఒకే డెల్టా ముందే ఇస్తానన్నావనుకో, ఆ డెల్టా మేర ప్రమేయం లిమిట్ విలువ దగ్గరే కదలకుండా ఉండాలి. అంటే స్థిర ప్రమేయాలు తప్ప దాదాపు ఏవీ మిగలవు.

ఎక్స్ స్క్వేర్‌కు 3 దగ్గర లిమిట్ 9 అని నిరూపించేటప్పుడు డెల్టా "1, ఎప్సిలాన్ బై 7 లలో చిన్నది" అని ఎందుకు తీసుకుంటారని అడిగావు. తేడాను ఎక్స్ మైనస్ 3, ఎక్స్ ప్లస్ 3 ల లబ్ధంగా విడగొట్టు. మొదటిది మన చేతిలో ఉంది. రెండోది అదుపు తప్పకుండా ఉండాలంటే ఎక్స్‌ను 3కి ఒక యూనిట్ లోపల కట్టేయాలి. అప్పుడది 7 దాటదు. 1 వచ్చింది అందుకు, 7 వచ్చింది అందుకు. ఇదే లెక్క 100 దగ్గర చేస్తే 7 స్థానంలో 201 వస్తుంది. చోటు మారితే డెల్టా మారుతోందన్నమాట. యూనిఫామ్ కంటిన్యుటీ పాఠం వచ్చినప్పుడు ఈ 7నూ, 201నీ తలుచుకో, సగం పాఠం అక్కడే ఉంది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. సైన్ ఎక్స్ బై ఎక్స్ లిమిట్ 1 అని ఎల్ హాస్పిటల్ రూల్‌తో ఒక్క లైనులో తేల్చేయడం ఎంట్రన్స్ పరీక్షకు పనికొస్తుంది, నిరూపణ కిందికి రాదు. ఆ రూల్ వాడాలంటే సైన్ అవకలజం కొసైన్ అని తెలియాలి. అది తెలియాలంటే ఈ లిమిటే కావాలి. వృత్తం గీసి, లోపలి త్రిభుజం, సెక్టార్, బయటి త్రిభుజం వైశాల్యాలు పోల్చి చూడు. మన లిమిట్ కొసైన్ ఎక్స్‌కూ 1కీ మధ్య ఇరుక్కుపోతుంది. కోణం రేడియన్లలో కాక డిగ్రీల్లో ఉంటే జవాబు 1 కాదు, పై బై 180. ఎందుకో వైశాల్యాల లెక్కలోనే కనిపిస్తుంది.

పెన్ను ఎత్తకుండా గీయగలిగితే అవిచ్ఛిన్నం అనే మాట ఇక పక్కన పెట్టు. 1 బై ఎక్స్ తన ప్రదేశంలో ప్రతిచోటా అవిచ్ఛిన్నమే, అయినా సున్నా దగ్గర పెన్ను ఎత్తక తప్పదు. ఇంతకంటే అందమైనది తోమే 1875లో ఇచ్చిన ప్రమేయం. కరణీయ సంఖ్యకు విలువ సున్నా. అకరణీయ సంఖ్యను కనిష్ఠ రూపంలో రాస్తే హారం ఎంతో, ఒకటి బై ఆ హారం దాని విలువ. అంటే 3/7కి 1/7. దీన్ని ఏ పెన్నూ గీయలేదు. కానీ ప్రతి కరణీయ సంఖ్య దగ్గరా ఇది అవిచ్ఛిన్నం! రూట్ 2 దగ్గర ఎప్సిలాన్ 1/10 అన్నారనుకో. విలువ 1/10కి తగ్గని అకరణీయ సంఖ్యల హారం 10 దాటదు. 1కీ 2కీ మధ్య అలాంటివి లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి, వాటిలో రూట్ 2 లేదు. అన్నిటికంటే దగ్గరున్నదాని దూరమే నీ డెల్టా.

3/7 దగ్గర మాత్రం ఇది విచ్ఛిన్నం. ఏ ఎప్సిలాన్ అడిగితే డెల్టా దొరకదో పట్టుకుని, నిరూపణ పూర్తిగా రాసి నాకు పంపు. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య