డిగ్రీ తర్వాత లా: మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ
ఏ సబ్జెక్టుతో డిగ్రీ పూర్తిచేసినవారైనా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. ఇంటర్ తర్వాత నేరుగా చేరేది అయిదేళ్ల కోర్సు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం డిగ్రీలో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, ఓబీసీలకు 42 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. పది, ఇంటర్ చదవకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ పొందినవారు అనర్హులు. దరఖాస్తుకు ముందే చూసుకోవాల్సిన అంశమిది.

తెలుగు రాష్ట్రాల్లో ప్రవేశ పరీక్ష లాసెట్. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. జీకే, మెంటల్ ఎబిలిటీకి 30, వర్తమానాంశాలకు 30 మార్కులు పోగా మిగిలిన 60 మార్కులు న్యాయవిద్య ఆప్టిట్యూడ్‌వే. ర్యాంకును తేల్చేది ప్రధానంగా ఈ భాగమే. రాజ్యాంగ మౌలికాంశాలు, ప్రాథమిక హక్కులు, న్యాయ పదజాలంపై పట్టు ఉన్నవారు ముందుంటారు. గ్రూప్స్‌కు పాలిటీ చదివినవారికి ఇది బాగా కలిసొస్తుంది. అర్హత మార్కులు 35 శాతం, అంటే 42. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రవేశాలు సీయూఈటీ పీజీ ద్వారా జరుగుతాయి.

పట్టా ఒక్కటే చాలదు. న్యాయవాదుల చట్టం, 1961 కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలి, అఖిల భారత బార్ పరీక్షలో నెగ్గాలి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పునిచ్చింది.