బోరునీళ్ల మరకలకు ఇంట్లోనే మందు

ప్రశ్న: ఎల్బీ నగర్‌లో ఉంటాం. వాడకానికి బోరునీళ్లే. కుళాయిలు, టైల్స్ తెల్లగా పొర కడుతున్నాయి. యాసిడ్ వాడితే ఆ ఘాటుకు మా అత్తగారికి దగ్గు వస్తోంది. ఇంట్లో ఉన్నవాటితో వదిలించుకోవచ్చా?

జవాబు: వదిలించుకోవచ్చమ్మా. ఆ పొర కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలది. అది పులుపుకు కరుగుతుంది. తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, గుడ్డ తడిపి కుళాయికి అరగంట చుట్టి ఉంచండి. తర్వాత పీచుతో రుద్ది కడగండి. వెనిగర్ లేకపోతే గ్లాసు నీళ్లలో చెంచా నిమ్మ ఉప్పు చాలు. పాలరాయి, షాబాద్, తాండూరు, కడప బండల మీద మాత్రం పులుపు వద్దు. అవి సున్నపు జాతి రాళ్లు, మెరుపు పోతుంది.

స్టవ్ జిడ్డుకు వంట సోడా ముద్ద, ఇత్తడి సామానుకు చింతపండు, ఉప్పు. నేలకు, గిన్నెలకు కుంకుడు రసం మేలు. సబ్బులా కఠిన జలంలో విరగదు. దిల్‌సుఖ్‌నగర్ కిరాణా కొట్లలో కాయలు దొరుకుతాయి. రసం త్వరగా పులుస్తుంది కాబట్టి ఎప్పటికప్పుడు తీసుకోండి.

వెనిగర్, సోడా కలపకండి. ఒకదాని గుణం మరొకటి పోగొడుతుంది. బ్లీచింగ్ పౌడర్‌లో యాసిడ్ గానీ వెనిగర్ గానీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలైతే వెనిగర్‌ను నమ్ముకోవద్దు. అప్పుడు బాత్‌రూమ్‌కు బ్లీచింగ్ ద్రావణమే వాడాలి. అత్తగారిని ఆ దరిదాపులకు రానివ్వకండి. దగ్గు తగ్గకపోతే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.